బెత్తం దాచిన గాయం

కొన్నేళ్ళ క్రితం మా హిఫ్జ్ తరగతిలో పదకొండేళ్ళ బాలుడు ఒకడు ఎడమచేత్తో ఖుర్ఆన్ పుటలు తిప్పడం మా కంటబడింది. కుడిచేయి వాడమని గద్దించాము. మారుమాట్లాడక వాడాడు. కాని ముఖం పాలిపోయింది. చొక్కా చేతిని పైకి తీసి చూస్తే మణికట్టు వాచి ఉంది. మేము వద్దన్న మేడ మీదికి బంతి కోసం ఎక్కి, దిగుతూ జారిపడ్డాడు. రెండు రోజులుగా ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగాము.

"మీరు కొడతారని, ఉస్తాద్!" అన్నాడు.

ఎముక చిట్లిందని వైద్యుడు చెప్పారు. ఆ నొప్పిని రెండు రోజులు ఓర్చుకున్న పసివాడు మా బెత్తాన్ని తలచుకొని వణికిపోయాడు. బెత్తం వాణ్ణి మేడ మీదికి వెళ్ళకుండా ఆపలేకపోయింది; మా దగ్గరికి రాకుండా మాత్రం ఆపింది. క్రమశిక్షణ పేరిట మేము ఇన్నాళ్ళు పెంచినది దాపరికాన్నని ఆనాడు గ్రహించాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

దైవప్రవక్త (స) శిక్షణ ఇలా ఉండేది కాదు. హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండే సుమారు పదేళ్ళు వారి సేవలో ఉన్నారు. ఒకరోజు ప్రవక్త (స) ఆయనను ఒక పనిమీద పంపగా, దారిలో పిల్లల ఆట చూస్తూ నిలిచిపోయిన వైనం సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త (స) వెనుకనుండి వచ్చి మెడ పట్టుకున్నారు. అనస్ (రజి) తిరిగి చూస్తే ఆయన నవ్వుతున్నారు! ముద్దుగా 'ఉనైస్' అని పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. ఇదిగో వెళుతున్నానని బాలుడు బదులిచ్చాడు. గమనించండి: పని రద్దు కాలేదు, బాధ్యత తొలగిపోలేదు. భయపెట్టడం మాత్రమే లేదు.

ఏడవ ఏట నమాజుకు ఆజ్ఞాపించాలని, పదవ ఏట దండించవచ్చని చెప్పే హదీసును కొందరు తండ్రులు మాకు గుర్తుచేస్తారు. ఆ రెంటి మధ్య మూడు సంవత్సరాలున్నాయి. రోజుకు 5 పూటల చొప్పున లెక్కిస్తే 5 వేల సార్లకు పైగా ప్రేమతో పిలవవలసిన గడువది. ఆ తరువాతి దండన కూడా గాయపరచరాదని, ముఖాన్ని తాకరాదని పండితులు షరతులు విధించారు. ఆ 5 వేల పిలుపులు పిలవని చేతికి బెత్తం పట్టే హక్కు ఎక్కడిది?

మరి దైవభీతి నేర్పవద్దా అని అడగవచ్చు. తప్పక నేర్పాలి. అయితే అల్లాహ్ పట్ల భీతి దాసుణ్ణి అల్లాహ్ వైపునకే పరుగెత్తిస్తుంది. తౌబా ద్వారం తట్టిస్తుంది. బిడ్డను మన నుండి పారిపోయేలా చేసే భయానికి ఆ పేరు తగదు. ఖుర్ఆన్‌లోని 114 సూరాలలో 113 సూరాలు కరుణామయుడు, కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతోనే మొదలవుతాయి. మన బిడ్డ నరకం పేరు వినకముందే ఆ కారుణ్యం పేరు వినాలి.

బాలుడైన యూసుఫ్ (అ) తాను కన్న కలను ముందుగా తండ్రికే చెప్పుకున్నారు. తండ్రి యాఖూబ్ (అ) ఎగతాళి చేయలేదు, కసురుకోలేదు. ఆప్యాయంగా పిలిచి జాగ్రత్త చెప్పారు. తరువాత బావి, బానిసత్వం, చెరసాల ఎదురైనా ఆ బిడ్డ చెదరలేదు. అది అల్లాహ్ అనుగ్రహం. ఆ అనుగ్రహంలో చెవియొగ్గి విన్న తండ్రి కూడా ఒక భాగమని మేము భావిస్తాము.

తల్లిదండ్రులకు మా విన్నపాలు మూడు. బిడ్డ తన తప్పును తానే వచ్చి చెప్పినప్పుడు ముందు ఆ నిజాన్ని మెచ్చుకోండి; ఆ తరువాత జరిగిన నష్టాన్ని వాడిచేతనే సరిదిద్దించండి. ఏడ్చే బిడ్డను, ముఖ్యంగా మగబిడ్డను, సిగ్గుపరచకండి. తన కుమారుడు ఇబ్రాహీం (రజి) మరణించినప్పుడు దైవప్రవక్త (స) కూడా కన్నీరు కార్చారు. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. ఇక మూడవది అన్నిటికంటే కష్టమైనది. మీదే పొరపాటైతే బిడ్డ ముందు ఒప్పుకోండి.

మేము ఆ పని చేశాము. కట్టుతో తిరిగివచ్చిన ఆ బాలుణ్ణి తరగతి ముందే క్షమాపణ అడిగాము. ఆ రోజు నుండి మా రెహల్ పక్కన బెత్తం లేదు. అల్లరి కొంత పెరిగిన మాట వాస్తవమే. అయితే ఇప్పుడు అద్దం పగిలితే, పగులగొట్టినవాడే వచ్చి చెబుతున్నాడు.

తప్పు చేసిన బిడ్డ మొదట పరుగెత్తుకు వచ్చే చోటుగా మన ఇళ్ళను అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.