ట్రాక్ గీసినవాణ్ణి అడగరేం?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. 2024 రేసు రద్దయింది. డబ్బు ఎవరు కట్టారు, సంతకం ఎవరు పెట్టారు అని టీకొట్టు నుంచి టీవీ దాకా గొంతులు చించుకున్నాం. ఆ లెక్క కోర్టులు తేలుస్తాయి. ట్రాక్ అలా ఎందుకు గీశారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

2.83 కిలోమీటర్లలో 18 మలుపులు! సగటున 160 మీటర్లకొకటి. ముందున్న కారుని దాటాలంటే పొడవాటి స్ట్రెయిట్ కావాలి, దాని చివర గట్టిగా బ్రేకు తొక్కించే మలుపు కావాలి, ఆ మలుపు మొదట్లో రెండు కార్లు పక్కపక్కన పట్టే చోటు కావాలి. నమ్మకపోతే ఎస్.ఆర్. నగర్ మెట్రో కింద నిలబడి చూడండి. పిల్లర్ల పక్కన ఇరుకులో ఎంత హారన్ కొట్టినా ఆటో బస్సుని దాటలేదు. సిగ్నల్ దగ్గర రోడ్డు కాస్త విచ్చుకుందా, ఎడమ నుంచొకడు, కుడి నుంచొకడు దూరిపోతాడు. డ్రైవర్లు వాళ్లే, మారింది రోడ్డు.

మన ట్రాక్‌లో అందరి కళ్లూ మూడో మలుపు హెయిర్‌పిన్ మీదే. పోల్ నుంచి, అంటే అందరికంటే ముందు నుంచి బయల్దేరిన మిచ్ ఇవాన్స్‌ని అక్కడే గుద్దాడు సామ్ బర్డ్. ఇద్దరిదీ జాగ్వార్ జట్టే! బర్డ్ తప్పు బర్డ్‌దే. కానీ దాటే చోట్లు కరువైతే తెగింపంతా ఒక్కచోటే పోగుపడదా? గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివర్లో నిక్ కాసిడీని వెనకే ఆపేశాడు. అతని నేర్పుకి దండం. గోడలూ అతని పక్షమే.

లేఅవుట్ కారు సెటప్‌నీ శాసిస్తుంది. ఫార్ములా వన్‌లో చూడండి, మోంజాలో స్ట్రెయిట్ల కోసం వింగ్ తగ్గిస్తారు, మొనాకోలో పట్టు కోసం పెంచుతారు. పొడవాటి స్ట్రెయిట్లూ, మెలికలూ రెండూ ఉన్న ట్రాక్‌లో ఒక జట్టు వేగం వైపు మొగ్గితే, ఇంకోటి పట్టు వైపు మొగ్గుతుంది. ఆ తేడాలోంచే ఓవర్‌టేక్ పుడుతుంది. ఫార్ములా ఈలో ఛాసిస్, వింగులు అందరికీ ఒకటే. మెలికలే నిండిన వీధిలో తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే అటాక్ మోడ్ అనే ఊతకర్ర: రేసింగ్ లైన్ వదిలి పక్కకెళ్లొస్తే 300 కిలోవాట్ల బదులు కాసేపు 350.

ఊళ్లో రోడ్డు ఎంతుంటే అంతేగా అంటారు. మరి ఊళ్లోనే ఎందుకు? సాగరం, బుద్ధుడి విగ్రహం టీవీలో అందంగా పడతాయనా? నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది. దానికి ముందున్న మూడో మలుపుని ట్రాక్ గీసిన హెర్మాన్ టిల్కే కావాలనే వెడల్పు చేశాడు, డ్రైవర్లు వేర్వేరు లైన్లు ఎంచుకోవాలని. రేసు తెలిసినవాడు గీసే గీత అది.

రేపు ఏ ప్రభుత్వమైనా మళ్లీ రేసు తెస్తానంటే ముందు మ్యాప్ బయటపెట్టాలి. స్ట్రెయిట్ పొడవెంత, బ్రేకింగ్ జోన్లెన్ని, మలుపు మొదట్లో వెడల్పెంత? ఈ మూడూ చెప్పలేనివాడికి టికెట్ ధర చెప్పే హక్కు లేదు.