కలిసి ఆలోచించే చదువు

కందులకు పురుగు పట్టకుండా ఏడాది పొడవునా నిలువ చేయడం ఎలా? వర్షాధారపు చేలలో కంది పండించే కోస్గి ప్రాంతపు రైతుల ఇళ్లలో ఇది ఏటా ఎదురయ్యే ప్రశ్న. నలుగురు విద్యార్థులను ఒక జట్టుగా కూర్చి, పక్షం రోజుల గడువిచ్చి, ఈ ప్రశ్నను వారి ముందుంచితే ఏమవుతుంది? ఒక విద్యార్థిని వేపాకు కలిపే తన అమ్మమ్మ పద్ధతిని చెబుతుంది. జీవశాస్త్రం చదివేవాడు పురుగు జీవితచక్రాన్ని వివరిస్తాడు. మూడవవాడు లెక్క వేసి, జట్టు తలపెట్టిన లోహపు డబ్బా చిన్న రైతుకు అందుబాటులో ఉండదని తేలుస్తాడు. అంతవరకు మౌనంగా ఉన్న నాలుగవ విద్యార్థిని, “గింజ పూర్తిగా ఎండకముందే నిలువ చేయడమే అసలు లోపం కాదా?” అని అడుగుతుంది. దానితో చర్చ మళ్లీ మొదటికి వస్తుంది.

అలా మొదటికి రావడంలోనే సృజనాత్మక బృంద పోటీల విలువ ఉంది. ఇంటర్మీడియట్ విద్యార్థి రెండేళ్లపాటు జవాబు ముందే నిర్ణయమైన ప్రశ్నలతో కాలం గడుపుతాడు. పక్కన కూర్చున్నవాడు అతనికి సహాధ్యాయి కాదు, ర్యాంకులో పోటీదారు. బృంద పోటీలో ఈ సంబంధం తారుమారవుతుంది. పక్కవాడికి తెలిసినది తనకు తెలియకపోవడమే జట్టుకు బలమవుతుంది. ఆధునిక దృక్పథమంటే చేతిలో కొత్త పరికరం ఉండటం కాదు. ఆధారం చూపి తన అభిప్రాయాన్ని నిలబెట్టుకోవడం, ఎదుటివారి ఆధారం బలంగా ఉన్నప్పుడు దానిని చిన్నతనమనుకోక విడిచిపెట్టడం. ఈ రెండవది మొదటిదానికంటె కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో పేర్కొన్న 10 జీవన నైపుణ్యాలలో సృజనాత్మక ఆలోచన, విమర్శనాత్మక ఆలోచనలతోపాటు సహానుభూతి, భావోద్వేగాలను అదుపులో ఉంచుకోవడం కూడా ఉన్నాయి. వీటిని ఉపన్యాసంతో నేర్పడం సాధ్యం కాదు.

ఈ దిశలో ప్రయత్నాలు కొత్తవి కావు. 1993లో ఆరంభమైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుండి 17 ఏళ్ల బాలబాలికలు తమ పరిసరాలలోని సమస్యను ఎన్నుకొని, వివరాలు సేకరించి, ఫలితాలను మాతృభాషలోనైనా సమర్పించవచ్చు. తెలంగాణలో 2020లో పాఠశాలల ఆవిష్కరణల పోటీ మొదలై, ప్రభుత్వ బడుల పిల్లలకు జట్లుగా సమస్యను పరిష్కరించే శిక్షణనిచ్చింది.

సమస్యను దగ్గరగా చూసినవారే పరిష్కారాన్ని కనుగొనగలరనడానికి దక్షిణ తెలంగాణలోనే నిదర్శనం ఉంది. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. చేతితో ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆయన 1992లో యంత్రం తయారుచేయ పూనుకున్నారు. అది పూర్తి కావడానికి 1999 వరకు పట్టింది. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టే పని దాదాపు గంటన్నరకు తగ్గింది. ఆ యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ లభించింది. ఆ ఏడేళ్ల పట్టుదల వందనీయం. కాని చిక్కు వచ్చిన ప్రతిచోటా తనతో వాదించి, లెక్క సరిచూసి, ధైర్యం చెప్పే నలుగురు తోడుంటే ఆ ఏడేళ్లు ఎన్నేళ్లకు తగ్గేవో! ఒంటరి పట్టుదలను మెచ్చుకొనే లోకం, దాని వెనుకనున్న ఒంటరితనపు ఖరీదును సాధారణంగా మరచిపోతుంది.

అయితే పోటీ అని పేరు పెట్టినంతమాత్రాన సృజన పుట్టదు. తండ్రి డబ్బుతో కొని, ఉపాధ్యాయుని చేత అతికించిన మెరుగుల నమూనాలు ప్రదర్శన బల్లలపై తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. ఒకడు పనంతా చేయగా, మిగిలినవారు ప్రశంసాపత్రంలో పేర్లుగా మిగిలే జట్లూ ఉన్నాయి. బాలికల చేతికి కాగితం, కలం ఇచ్చి, పరికరాలు బాలురకు అప్పగించే అలవాటు ఇంకా పోలేదు. ఇటువంటి పోటీలు నేర్పేది సహకారం కాదు, నటన.

కోస్గి ప్రభుత్వ పాలిటెక్నిక్ 2024లో ఇంజనీరింగ్ కళాశాలగా ఎదిగింది. వలసకూలీల జిల్లాగా పేరుపడిన పాలమూరు పిల్లలకు ఆ చదువు ఇంటి ముంగిటికే వచ్చింది. 2017 నుండి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ వంటి పోటీలకు ఆరుగురితో, వారిలో కనీసం ఒక విద్యార్థినితో జట్టు కట్టవలసి ఉంటుంది. రెండేళ్లు ర్యాంకు కోసం ఒంటరిగా చదివిన విద్యార్థి ఆ ఆరుగురిలో ఒకడుగా పనిచేయడం ఒక్క రాత్రిలో నేర్చుకోలేడు. అందుకని జూనియర్ కళాశాలలోనే ఏడాదికి ఒక పర్యాయమైనా, ఊరి సమస్యతో, ఖర్చులేని సామగ్రితో ఇటువంటి పోటీ జరగాలి. న్యాయనిర్ణేతలు నమూనాను చూసి మార్కులు వేయక ముందు జట్టులో తక్కువగా మాట్లాడిన విద్యార్థిని పిలిచి ఒక ప్రశ్న అడగాలి: మీ జట్టు ఏ ఆలోచనను విడిచిపెట్టింది, ఎందుకు?