గద్దను తిట్టుకుంటే గూడు గట్టిపడదు

పల్లెలో పొద్దున్నే పెరట్లోంచి శాపనార్థాలు వినిపించాయంటే సగం సార్లు అవి కోళ్ల గురించే. రాత్రి గూట్లోకి తోలిన ఎనిమిదింట్లో ఐదు మెడలు తెగి పడుంటాయి. తిన్నది మాత్రం ఒక్కదాన్నే. ‘తింటే తిన్నావు, మిగతావాటిని ఎందుకు చంపావే’ అని ఆ ఇల్లాలి గోడు. మధ్యాహ్నానికల్లా ఊరంతా సలహాలిస్తుంది. ఉచ్చు పెట్టమని ఒకరు, చచ్చిన కోడిలో గుళికల మందు కూరి పడేయమని ఇంకొకరు, కరెంటు తీగ లాగమని మరో పెద్దమనిషి. గూటి తలుపు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎత్తాల్సింది ముందు అదే. అడవి జంతువు ఆకలితో వస్తుంది, దాన్ని రావొద్దనలేం. లోపలికి దారి ఇచ్చింది మాత్రం మనం.

ఒక్కటి తిని ఐదింటిని చంపడం జంతువు కక్ష కాదు. కోడికి చీకట్లో చూపు ఆనదు. ఆరుబయట అయితే ఒకదాన్ని పట్టేలోగా మిగతావి చెల్లాచెదురవుతాయి. మూసిన గూట్లో అవి ఎటూ పోలేవు, జంతువు ముందు రెక్కలు కొట్టుకుంటూనే ఉంటాయి, అది కొరుకుతూనే ఉంటుంది. డచ్ శాస్త్రవేత్త హాన్స్ క్రూక్ 1972లో దీని మీద వ్యాసం రాశారు. ఇంగ్లండ్ తీరంలో కారుచీకటి రాత్రుల్లో నేల మీదున్న గల్ పక్షులు ఎగరలేకపోతే, నక్కలు తినగలిగిన దానికంటే ఎన్నో ఎక్కువ చంపాయని ఆయన గమనించారు. మన గూట్లోనూ జరిగేది అదే.

దొంగ ఎవరో తెలియకుండా శిక్ష వేయడం మనకు అలవాటు. రాత్రి దాడి జరిగితే మొదటి నింద ముంగిస మీద పడుతుంది. కానీ అది పగలు తిరిగే జంతువు. రాత్రిపూట వచ్చేవి అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క, అన్నిటికంటే ముందు మన వీధికుక్క. పట్టపగలు పిల్ల మాయమైతే గద్దనో, డేగనో, కాకినో అనుమానించాలి. పొదిగే గంపలో గుడ్లు పెంకుల జాడైనా లేకుండా పోయాయంటే పామును అనుమానించవచ్చు. ఒక్కోదానికి ఒక్కో కాపలా కావాలి.

ఈమధ్య ఒక గూడు చూశాను. మూడు పక్కలా నాపరాళ్లు, పైన రేకు, గాలికి లేవకుండా దాని మీద రెండు బండలు. తలుపు అంటే పాత నూనె డబ్బా కోసి చదును చేసిన రేకు ముక్క, దానికి ఆనించి రుబ్బురోలు పొత్రం. కోళ్లు దూరీ దూరీ తలుపు కింద నేల అరిగి గుంట పడింది. అందులోంచి నా పిడికిలి సులువుగా లోపలికి వెళ్లింది. ‘ఇదేంటమ్మా’ అంటే, ‘ఆ సందులో కోడి పట్టదులే బాబూ’ అంది ఆవిడ. నిజమే, పట్టదు. కోడి బయటికి రాకుండా కట్టుకున్న గూడు అది.

బజార్లో కోళ్ల మెష్ అని అమ్మే పల్చని తీగ వలదీ అదే తీరు. కోడిని లోపల ఉంచుతుంది, కుక్క పళ్లకు మాత్రం ఆగదు. కావాల్సింది అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్. తవ్వుకొచ్చేవాటికి అడ్డంగా అది నేలలోకి అడుగు లోతు దిగాలి, లేదా గూటి అడుగున బండలు పరిచి సందులు సిమెంటుతో పూడ్చాలి. తలుపుకు బరువు ఆనిస్తే చాలదు, గొళ్లెం ఉండాలి. సంక్రాంతికి అమ్మే రెండు మంచి పుంజుల డబ్బు చిన్న గూటి మెష్‌కు సరిపోతుంది. వీటన్నిటికంటే చవకైనది, ఎక్కువగా తప్పిపోయేది ఒకటుంది: పొద్దుగూకగానే లెక్కపెట్టి తలుపు వేయడం.

పగటి గండం పిల్లలకు. నాటుపెట్ట ఈ కాపలా తానే కాస్తుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక కూత, నేల మీద పిల్లి కనిపిస్తే వేరే కూత. మొదటిది వినగానే పిల్లలు ఆమె రెక్కల కిందకో, పొద కిందకో చేరిపోతాయి. ఇక హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల సంగతి వేరు. గుడ్లు బాగా పెడతాయి, మాంసమూ వస్తుంది. కానీ పొదుగుతూ కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది గనుక, ఎక్కువ గుడ్ల కోసం ఎంచిన రకాల్లో పొదిగే గుణం తగ్గిపోయింది. వాటి పిల్లలు మిషన్లో పుట్టి, తల్లి కూత వినకుండా పెరట్లోకి వస్తాయి. వాటిని పెద్దయ్యేదాకా గంప కిందో, పైన వల ఉన్న దడిలోనో ఉంచాలి. బయట వదిలాక దాక్కోవడానికి అరటి పిలకలో, కరివేపాకు పొదలో ఉండాలి. చీపురు పెట్టి ఊడ్చినట్టు బోసిగా ఉన్న పెరడు గద్దకే అనుకూలం.

ఇక్కడ సర్కారు బాధ్యత కూడా ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు, 2012 నాటి కంటే సుమారు 46 శాతం ఎక్కువ. 2021లో మార్చిన జాతీయ పశుగణ మిషన్‌లో తల్లికోళ్ల ఫారం, హేచరీ పెట్టేవాళ్లకు 50 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 25 లక్షల రూపాయలు ఉంది. మంచిదే. పది కోళ్లు పెంచుకునే ఆడమనిషి గూటికి కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. పెరటి పెంపకం పథకాల్లో కోడిపిల్లలు పంచేటప్పుడు ఫొటోలు దిగుతారు. ఆ పిల్లల్లో ఆర్నెల్లకు ఎన్ని మిగిలాయో లెక్క తీస్తేనే పథకం పనిచేసిందో లేదో తెలుస్తుంది.

మందు పెట్టేవాళ్లకు ఒక మాట. అడవిపిల్లి ప్రధాన ఆహారం ఎలుకలే. రాజస్థాన్‌లోని సరిస్కాలో చేసిన అధ్యయనం రోజుకు మూడు నుంచి ఐదు అని అంచనా వేసింది. దాన్ని చంపితే కోడి దక్కుతుందేమో గానీ, ధాన్యం గాదెకు ఎలుకల బెడద పెరుగుతుంది. అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క, ముంగిస అన్నీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవే. గుళికల మందు కూరిన కోడిని ఏది తింటుందో పెట్టినవాడికి తెలియదు. పక్కింటి కుక్క కావచ్చు, ఆ కుక్క కళేబరాన్ని పొడిచిన గద్ద కావచ్చు. కరెంటు తీగకైతే మనుషులే బలైన ఊళ్లున్నాయి.

కాబట్టి నా డిమాండ్ చిన్నది. పిల్లల్ని ఇచ్చే ప్రతి పథకంలో గూటికి సరిపడా వెల్డ్ మెష్, ఒక గొళ్లెం కూడా చేర్చాలి. అవి లేకుండా పిల్లల్ని మాత్రం పంచితే, ఆ ఖర్చులో చాలా భాగం ఊరి కుక్కలకూ గద్దలకూ మేతగా పోతుంది. వచ్చే పంపిణీ సభలో డ్వాక్రా అక్కలెవరైనా లేచి, ‘గూడేదయ్యా’ అని మైకు ముందే అడగాలి.