వీరుల జట్టు వెనుక సేన

ఫాంటసీ గేముల్లో వీరుల జట్టు ఒక పద్ధతి ప్రకారం నడుస్తుంది. కవచధారి ముందుంటాడు. మాంత్రికుడు వెనుక నుంచి నిప్పులు కురిపిస్తాడు. పూజారి గాయాలు మాన్పుతాడు. దొంగ ముందే వెళ్లి దారి చూసి వస్తాడు. ఈ పనుల పంపకానికి మూలం యుద్ధరంగమే.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 'చైన్‌మెయిల్' అనే యుద్ధక్రీడ నియమాలు వెలువరించారు. బల్లమీద బొమ్మలు నిలిపి మధ్యయుగపు పోరు ఆడాలి. పెద్ద యుద్ధంలో ఒక్కో బొమ్మ 20 మంది సైనికులకు లెక్క. దానికి జోడించిన ఫాంటసీ భాగంలో 'హీరో' నలుగురి పెట్టు, 'సూపర్ హీరో' ఎనిమిది మంది పెట్టు. మాంత్రికుడి అగ్నిగోళానికి రాళ్లు రువ్వే యంత్రపు దెబ్బనే కొలతగా తీసుకున్నారు. అంటే మాంత్రికుడు ఒంటిమనిషి ఫిరంగి దళమన్నమాట! 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ పునాది మీదే లేచింది. అందులో మొదట యోధుడు, మాంత్రికుడు, పూజారి మాత్రమే ఉండేవారు. దొంగ 1975లో చేరాడు.

దళం మనిషిగా కుదించుకున్నప్పుడు కథ బాగానే పండింది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. ఫాంటసీ కథలో సేనలు దిగగానే చాలామంది రచయితలు ఈ పనుల పంపకాన్ని మరిచిపోతారు. వేల మంది ఒకేలా కత్తులు దూసి పరుగెడతారు, గెలుపు మాత్రం నాయకుడి ఖాతాలో పడుతుంది. నిజానికి ఒక్క ఈటె గుర్రపుదండును ఆపలేదు, వరుస చెదరని వంద ఈటెలు ఆపగలవు. ఆ వరుసకు తిండి, విలుకాళ్ల అండ, వేగుల కబురు కావాలి.

మన ఇతిహాసానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మహాభారత సేనలో అతి చిన్న దళమైన 'పత్తి'లోనే ఒక ఏనుగు, ఒక రథం, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బంట్లు కలిసి ఉంటారు. అలాంటివి 21,870 కలిస్తే అక్షౌహిణి. 2015 నాటి 'బాహుబలి'లో కాలకేయులతో పోరు గుర్తుండిపోవడానికీ కారణం ఇదే. అక్కడ త్రిశూల వ్యూహం ఉంది. బట్టలు విసిరే యంత్రాలకు, వాటిని అంటించే నిప్పుబాణాలకు పొత్తు ఉంది.

తెలుగులో ఫాంటసీ రాసేవారు, గేములు తయారుచేసేవారు పోరాట ఘట్టానికి ముందు ప్రతి దళానికీ ఒక పని, ఒక బలహీనత, ఆ బలహీనతను కాచే మరో దళం రాసి పెట్టుకోవాలి. నాయకుడి సాహసం ఆ తర్వాతే రాయాలి.