అసలు సరే... కొసరు సంగతేంటి?

బేతంచెర్లలో నాపరాయికి పాలిష్ పట్టాలన్నా, ఎర్రగుంట్ల దగ్గర బండల అంచులు కోయాలన్నా మిషన్ ఉండాల్సిందే. వానను నమ్ముకోలేని కర్నూలు, కడప సీమలో ఎన్నో కుటుంబాలకు ఈ రాయే కూడు పెడుతోంది. పాత మిషన్ మూలపడి కొత్తది కొనాల్సి వస్తే చిన్న ఫ్యాక్టరీ యజమాని మొదట చూసేది కొటేషన్. అప్పు లెక్క కూడా దాన్నిబట్టే వేసుకుంటాడు. చిక్కంతా అక్కడే! కొటేషన్‌లో ఉండేది అసలు. కొసరు తర్వాత బయటపడుతుంది.

పన్ను మీద పన్ను

విదేశీ మిషన్‌నే తీసుకుందాం. ఓడ ఖర్చు, బీమాతో కలిపి రేవుకు చేరేసరికి దాని విలువ 10 లక్షలు అనుకుంటే... చాలా రకాల యంత్రాల మీద కస్టమ్స్ సుంకం 7.5 శాతం. అంటే 75 వేలు. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 7,500. ఇవన్నీ కలిపిన మొత్తంపై 18 శాతం ఐజీఎస్టీ... 1,94,850 రూపాయలు. పది లక్షల మిషన్ కాస్తా 12,77,350 అయింది. ఇంకా రేవు దాటనే లేదు!

ఇందులో జీఎస్టీని అమ్మకాలపై కట్టాల్సిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాకపోతే ముందు చేతి నుంచి కట్టాలి. ఏటా కోటిన్నరలోపు టర్నోవరుతో కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారికి ఆ వీలూ లేదు. కస్టమ్స్ సుంకమైతే ఎవరికీ తిరిగిరాదు. డీలర్ దగ్గర కొంటే ఆ సుంకం బిల్లులో విడిగా కనిపించదు, రేటులోనే కలిసిపోతుంది.

ఎగుమతిదారులకు మాత్రం ఓ వెసులుబాటుంది. ఈపీసీజీ పథకం కింద సుంకం కట్టకుండానే యంత్రం తెచ్చుకోవచ్చు. మిగిలిన సుంకానికి ఆరు రెట్ల విలువైన సరుకును ఆరేళ్లలో ఎగుమతి చేయాలి. పక్క ఊళ్లకు బండలమ్మే వ్యాపారికి అది అందని ద్రాక్షే.

దేశీ మిషన్ తయారీదారులను కాపాడటానికే ఈ సుంకాలన్నది ప్రభుత్వం మాట. నిజమే, కానీ దేశీ మిషన్‌కూ ఉక్కు కావాలి. 2025 ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 200 రోజులకు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేశారు. ఉక్కు ధర పెరిగితే ఆ భారం చివరికి పడేది మిషన్ కొనేవాడి మీదే.

చెప్పని ఖర్చులు

చెన్నై రేవులో కంటెయినర్ గడువు దాటి నిలిస్తే రోజుకింతని అద్దె. ఏజెంటు ఫీజు, లారీ కిరాయి, దించడానికి క్రేను, పునాది, బిగించే మెకానిక్ కూలి... వేటికవి చిన్నవే, కలిస్తే పెద్దవి. మోటారు హార్స్‌పవర్ పెరిగితే కరెంటు లోడు పెంచుకోవాలి. అందుకు డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ కట్టాలి. ఆపైన మిషన్ తిరిగినా తిరగకున్నా నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ తప్పదు.

బ్యాంకులోనూ అంతే. వడ్డీ ఒక్కటే చూస్తే చాలదు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, డాక్యుమెంట్ల ఖర్చు, బీమా ఉంటాయి. హామీ లేకుండా ఇచ్చే రుణమైతే ఏటా గ్యారంటీ ఫీజు అదనం. బ్యాంకు అప్పు కొటేషన్ దగ్గరే ఆగిపోతే, కొసరు కోసం ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్తుంది.

అడగాల్సినవి ఇవీ...

* 'మిషన్ రేటెంత?' అని కాదు, 'మా షెడ్డులో బిగించి, తిప్పి చూపించేసరికి మొత్తం ఎంత?' అని అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి.

* రవాణా, రేవు అద్దె, బిగింపు ఎవరి బాధ్యతో ముందే రాయించుకోవాలి. బ్లేళ్లు, విడిభాగాల ధరలూ అడగాలి.

* 2024 అక్టోబరు 1 నుంచి చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు బ్యాంకులు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఫీజులన్నీ కలిపిన అసలైన వార్షిక రేటు అందులో ఉంటుంది. సంతకానికి ముందే దాన్ని చదవాలి.

* కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు పెద్ద మిషన్ కొనేముందు, మామూలు జీఎస్టీకి మారితే లాభమో నష్టమో ఆడిటర్‌తో లెక్క వేయించుకోవాలి.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమేమిటని పెద్దలంటారు. మిషన్ కొనేటప్పుడు మాత్రం ముందు బేరమాడాల్సింది అంకుశం దగ్గరే!