ఆ ఐదు స్టార్లు తీసేద్దాం

పోయిన దసరా సెలవుల ముందు మన క్లాసులో అందర్నీ నేనొక సాయం అడిగాను, గుర్తుండే ఉంటుంది. "మా నాన్న కొట్టుకి గూగుల్లో ఐదు స్టార్లు పెట్టి రెండు మంచి ముక్కలు రాయండే" అని. పదకొండు మంది రాశారు. వాళ్లలో మా కొట్టు గుమ్మం ఎక్కినవాళ్లు ఇద్దరే. ఈ నాలుగు మాటలూ మిగిలిన తొమ్మిది మంది కోసం. తప్పు మాత్రం అడిగిన నాదే.

మాది బరంపురంలో చిన్న పట్టుచీరల కొట్టు. రెండేళ్ల కింద వెబ్‌సైటు పెట్టించాం. దాన్ని చూసినవాళ్లు మా ఇంట్లోవాళ్లే. అప్పుడొకాయన వచ్చి, "నెల తిరిగేసరికి గూగుల్లో మీదే మొదటి పేరు, గ్యారంటీ" అని 12,000 రూపాయలు పట్టుకెళ్లాడు. ఆయన చేసిన పనేమిటో నాకు తర్వాత తెలిసింది. పేజీ అడుగున తెల్లటి చోట తెల్లటి అక్షరాలతో "బెస్ట్ సిల్క్ శారీ, చీప్ సిల్క్ శారీ" అని వంద సార్లు దాచిపెట్టాడు. చీరల వివరాలు ఎవరిదో కంచిపట్టు కొట్టు పేజీ నుంచి ఎత్తి మా పేజీలో దించాడు. మా కొట్లో కంచి చీర ఒక్కటీ లేదు! ఆఖర్న, "రివ్యూలు తక్కువున్నాయి, అమ్మాయి ఫ్రెండ్స్ చేత రాయించండి" అన్నాడు. అలా మీ దగ్గరకొచ్చాను. ఆరు నెలలైనా ఒక్క ఫోను పెరగలేదు.

మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సూచనల్లో రాసింది. అక్షరాలు దాచడం, ఒకే మాట పదేపదే కుక్కడం దాని నిబంధనల ప్రకారం మోసం కిందే లెక్క. దొరికితే పేజీ కిందికి పోతుంది, లేదా అసలు కనిపించకుండా పోతుంది.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ గూగుల్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ఆలోచన సులువైనదే. ఒక పేజీ గురించి ఆ పేజీ చెప్పుకునేదానికన్నా, మిగతా పేజీలు దాని వైపు ఎంత చూపిస్తున్నాయన్నది ముఖ్యం. ఊళ్లో నలుగురు "ఆ కొట్లో తీసుకో" అంటే మనం నమ్మినట్టే. మరి ఆ నలుగురూ కొట్టు చూడకుండానే చెబితే? మనం చేసింది అదే.

అయితే చిన్న కొట్టువాళ్లు ఏం చెయ్యాలి? నాకు తెలిసినంతలో చెప్తాను. రెండు ఆదివారాలు నోట్‌బుక్కు పట్టుకుని కొట్లో కూర్చున్నాను. ఇచ్ఛాపురం, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లు "బరంపురం పట్టు" అంటారు. మా అమ్మ తరఫు ఒడియా చుట్టాలు "బ్రహ్మపురి పాట" అంటారు. స్టేషను బోర్డు మీద బ్రహ్మపూర్, పాత వాడుకలో బెర్హంపూర్. పైగా పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బహరంపూర్ ఉంది. అక్కడా పట్టే! ఇన్ని పేర్లుంటే మా పేజీలో ఉన్నది "సిల్క్ శారీస్" ఒక్కటే. అంటే దేశంలో చీరలమ్మే ప్రతి పెద్ద కొట్టుతోనూ మాకు పోటీ అన్నమాట. అదే "కుంభం అంచు బరంపురం పట్టు జోడా" అని వెతికేవాళ్ల కోసం పోటీపడేది ఎంతమంది?

దాచిన మాటలు, ఎత్తిన మాటలు తీసేశాను. ఒక్కో చీరకి పొడవు, అంచు, ధర, ఎలా ఉతకాలి అన్నవి నాన్న చెప్పినట్టే తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాశాను. ఫోన్లో తొందరగా తెరుచుకునేలా ఫొటోల సైజు తగ్గించాను. గూగుల్ మ్యాప్‌లో చిరునామా, కొట్టు తెరిచే వేళలు సరిచేశాను. దానికి పైసా ఖర్చు లేదు. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు "బరంపురం పట్టు జోడా" అని కొడితే మొదటి పేజీలో అడుగున కనిపిస్తున్నాం. మొన్న విశాఖలో స్థిరపడిన మన ఊరాయన ఒకరు కొడుకు పెళ్లికి జోడా కావాలని ఫోన్ చేశారు. ఒక్క ఫోనే. కానీ నిజమైన ఫోను.

"అందరూ దొంగ రివ్యూలు పెట్టించుకుంటున్నారు, మీరొక్కరే మానేస్తే నష్టం మీకే కదే" అని ఒక స్నేహితురాలు అంది. నిజమే, కొంత నష్టం ఉంటుంది. మీవి తీసేస్తే మాకు మిగిలేవి ఎనిమిది. అందులో ఒకటి మూడు స్టార్లది. "చీర బాగుంది, చెప్పిన రోజుకి ఇవ్వలేదు" అని. నాన్న అది చదివి, "ఏటి చేస్తాం, నిజమే కదమ్మా రాసింది" అన్నాడు. కొనేముందు నేనైతే ఆ రివ్యూనే నమ్ముతాను. చూడని చీరని "సూపర్" అన్నదాన్ని కాదు.

తెలుగు డిపార్ట్‌మెంటులో ఉండి ఇదంతా కంప్యూటర్ సైన్సు వాళ్ల పని అనుకోవద్దు. ఒక వస్తువుని జనం ఏ పేరుతో పిలుస్తారో వినడం, దాన్ని తేటగా రాయడం మన చదువే. మన ఊళ్లో అప్పడాలు, ఊరగాయలు చేసి అమ్మే ఆడవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లకి దొంగ స్టార్లు కాదు, ఒక్కో మంచి పేజీ రాసిపెడదాం. మేడమ్ ఒప్పుకుంటే శనివారం మధ్యాహ్నాలు నేను రెడీ.

దానికి ముందు ఒక పని. మ్యాప్ తెరిచి, మీరు రాసిన రివ్యూల్లోకి వెళ్లి, మా కొట్టు మీద రాసింది తీసేయండి. ఒక నిమిషం పని. ఆ తర్వాత ఎప్పుడైనా కొట్టుకి రండి. చీరలు చూడండి, అమ్మ చేసే టీ తాగండి. నచ్చితే నచ్చిందని రాయండి, నచ్చకపోతే అదే రాయండి.