కిటికీ తెర కురచయినచో తప్పెవరిది?

ధర్మపురిలో క్రొత్త ఇల్లు కట్టుకొన్నవారు గోడల రంగులకు నెలలు తర్జనభర్జన పడి, తెరగుడ్డను గృహప్రవేశమునకు ముందునాడు కొనుచున్నారు. కిటికీ కొలతకు సరిగా కుట్టించెదరు. నూలుబట్ట తొలి ఉతుకులో కుదియును. వాకిలి తెర బెత్తెడు పైకి పోవును. అంతట చేనేతయే మోసమని మరమగ్గపు గుడ్డకు మరలుదురు.

కుట్టకముందు రంగురంగును వేరుగా చన్నీట నానబెట్టి ఆరవేసిన చాలును. వెడల్పు కిటికీకి ఒకటిన్నర రెట్లయినను లేనిదే మడతలు అందగింపవు. పడమటెండకు ముదురురంగు వెలియును, అచ్చట అస్తరు తప్పదు.

ఇవి చెప్పక అమ్మినది మనమే. మేమును అట్లే అమ్మితిమి. 2006లో వచ్చిన చేనేత గుర్తు బట్ట మగ్గముదని చెప్పును గాని కుదింపు సంగతి చెప్పదు గదా! ప్రతి తెరగుడ్డకును ఉతుకు చీటీ కట్టి అమ్ముటకు సంఘములు వెంటనే తీర్మానింపవలెను.